మేత గడ్డిలో జనక మొక్కలను దేన్ని చూసి ఎంచుకోవాలి?

పశుగ్రాస పంటల మీద వచ్చే పరిశోధన వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు చాలాకాలంగా చదువుతున్నాను. జన్యు వైవిధ్యం గురించి రాసినవి చాలావరకు ఒకే రకమైన వాక్యంతో ముగుస్తాయి. ఫలానా క్లస్టర్‌లోని (పోలికలున్న రకాల గుంపులోని) రకాలకూ ఫలానా క్లస్టర్‌లోని రకాలకూ మధ్య జన్యు దూరం అత్యధికంగా ఉంది, కాబట్టి వాటిని జనకాలుగా, అంటే తల్లిదండ్రులుగా, తీసుకుని సంకరపరిస్తే మేలైన సంతానం వస్తుంది అని. నా పేచీ ఆ వాక్యంతోనే. కొలత తప్పని నేను అనడం లేదు. కొలతకూ నిర్ణయానికీ మధ్య అడగవలసిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. వాటిని అడగకుండానే ఆ వాక్యం తేల్చేస్తుంది.

ఈ దూరాన్ని లెక్కగట్టడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన డి-స్క్వేర్ పద్ధతి. గొప్ప పద్ధతి, అందులో సందేహం లేదు. మొక్క ఎత్తు, పిలకల సంఖ్య, ఆకు పొడవు, పచ్చిమేత దిగుబడి వంటి లక్షణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒకే సంగతిని రెండుసార్లు లెక్కించకుండా ఆ ముడిని విప్పి దూరం చెబుతుంది. అయితే అది చెప్పేది మనం కొలిచిన లక్షణాల్లో ఉన్న దూరం మాత్రమే. ఏ లక్షణంలో రకాల మధ్య తేడా స్పష్టంగా, తక్కువ పొరపాటుతో కొలవగలమో ఆ లక్షణమే దూరాన్ని శాసిస్తుంది. పూతకు పట్టే రోజులు అలాంటి లక్షణం. వాతావరణం వల్ల పెద్దగా చెదరదు, కొలవడం సులభం, రకాల మధ్య తేడా బాగా ఉంటుంది. అందుకే చాలా పట్టికల్లో దూరానికి ఎక్కువగా తోడ్పడిన లక్షణాల వరుసలో అది పైన కనిపిస్తుంది.

మేత గడ్డిలో దీని అర్థం ఆలోచించండి. పరపరాగ సంపర్కంతో బతికే మొక్కల్లో రెండు రకాలు కలవాలంటే రెండూ ఒకే సమయంలో పూయాలి. వాటిని దూరస్థులుగా చూపించింది పూత తేడాయే అయితే, చేలో వాటి పుప్పొడి ఒకదానికొకటి అందదు. విత్తే తేదీలు మార్చి, పగటి వెలుతురు నిడివిని అదుపు చేసి ఒక సంకరం వరకు సాధించవచ్చు. కానీ పది రకాలను కలిపి బహిరంగంగా పుప్పొడి మార్చుకోనిచ్చే మడిలో అది సాధ్యం కాదు. తొందరగా పూసినవి తమలో తాము కలుస్తాయి, ఆలస్యంగా పూసినవి తమలో తాము కలుస్తాయి. పేరుకు ఒకే వంగడం, నిజానికి రెండు సగాలు.

ఇంకొక విషయం. దూరం తక్కువ ఉన్నవాటిని ఒక గుంపులో చేర్చే టోచర్ పద్ధతిలో రకాలను క్లస్టర్లుగా విడగొట్టినప్పుడు తరచుగా ఒక పెద్ద క్లస్టర్, దాని పక్కన ఒక్కొక్క రకమే ఉన్న కొన్ని ఒంటరి క్లస్టర్లు ఏర్పడతాయి. అత్యధిక దూరం సాధారణంగా ఇద్దరు ఒంటరివాళ్ళ మధ్య వస్తుంది. ఆ రకం ఒంటరిగా ఎందుకు మిగిలింది? అపురూపమైన జన్యువులు ఉన్నందుకు కావచ్చు. పిలకలు పెట్టక, కోసిన తరువాత తిరిగి లేవక, ఆకు తక్కువై కాండం ముదిరి అందరికంటే వెనకబడినందుకూ కావచ్చు. డి-స్క్వేర్‌కు ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. చూసి చెప్పవలసింది మనిషి. సగటులు ఇచ్చిన పట్టికను దూరాల పట్టిక పక్కన పెట్టుకుని చదివితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాలూ చాలా వ్యాసాల్లో కనిపించవు.

1975లో ష్నెల్, ఉట్జ్ అనే ప్రజనన శాస్త్రవేత్తలు ఒక సంకరం ఎంత పనికొస్తుందో చెప్పే సూత్రం ఇచ్చారు. ఆ సంకరం నుంచి వచ్చే సంతానం సగటు ఒక భాగం. ఎంపిక తీవ్రతను, ఎంపిక కచ్చితత్వాన్ని, సంతానంలోని జన్యు విస్తృతిని గుణిస్తే వచ్చేది రెండో భాగం. రెండూ కూడితే ఉపయోగిత. దూరం పెద్దదైతే రెండో భాగం పెరిగే అవకాశం ఉంది. కానీ ఆ దూరం ఒక బలహీనమైన జనకం వల్ల వచ్చినదైతే మొదటి భాగం కుంగిపోతుంది. ఆ పతనాన్ని విస్తృతి పూడ్చాలంటే పెద్ద సంతానాన్ని పెంచి, కచ్చితంగా కొలిచి, కఠినంగా ఏరాలి. బహువార్షిక గడ్డిలో ఒక తరాన్ని సరిగ్గా అంచనా వేయడానికి కనీసం రెండు మూడేళ్ళ కోతలు చూడాలి. అంత వ్యయాన్ని, అంత కాలాన్ని దూరపు సంఖ్య ఒక్కదాన్ని నమ్మి పెట్టడం నాకు సరైనదిగా తోచదు. మంచిదాన్ని మంచిదానితో కలిపి, ఆ మంచివాటిలో వేర్వేరు మూలాల నుంచి వచ్చినవాటిని వెతకడమే నిలకడైన దారి.

సంకర తేజం, అంటే సంకర సంతానం జనకాలను మించే గుణం, కూడా దూరంతో పాటు ఆగకుండా పెరుగుతూ పోదు. 1965లో మోల్, ఆయన సహచరులు వేర్వేరు ప్రాంతాల మొక్కజొన్న రకాలను కలిపి చూశారు. జనకాల మధ్య వైవిధ్యం పెరిగేకొద్దీ సంకర తేజం కొంతవరకు పెరిగింది, అతిదూరపు జంటల్లో తగ్గింది. సంకర తేజం రావాలంటే బహిర్గతత్వం చూపే (ఒక రూపం రెండోదాన్ని కప్పివేసే) జన్యువుల వద్ద తేడా ఉండాలి. ఆ లక్షణంతో సంబంధం లేని చోట్ల ఎంత తేడా ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు మార్కర్లతో, అంటే డీఎన్ఏలోని గుర్తులతో, దూరం కొలుస్తున్నాం. వేల సంఖ్యలో మార్కర్లు వాడినా ఇదే హద్దు వర్తిస్తుంది. బంధుత్వం తెలుసుకోవడానికి, ఒకే మొక్కను రెండు పేర్లతో దాచుకున్నామేమో పట్టుకోవడానికి మార్కర్లకు మించినది లేదు. అంతదూరపు జంటలో మేలైన సంతానం వస్తుందని జోస్యం చెప్పడానికి మాత్రం ఆ దూరం ఒక్కటే చాలదు.

ఇంతవరకు చెప్పినది ఏ పంటకైనా వర్తిస్తుంది. మేత గడ్డి దగ్గరకు వస్తే అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ మొక్క విత్తనం ఎలా కడుతుంది?

బహువార్షిక రై గడ్డి, ఫెస్క్యూ వంటివి పరపరాగ సంపర్కం మీద ఆధారపడిన జాతులు. వాటికి తమ పుప్పొడి తమకే పనికిరాదు. ఎస్, జెడ్ అనే రెండు జన్యుస్థానాలు దీన్ని నిర్ణయిస్తాయి. పుప్పొడి రేణువు మోసుకొచ్చిన రెండు రూపాలూ కీలాగ్రం ఉన్న మొక్కలోనూ ఉంటే ఆ రేణువు అక్కడే ఆగిపోతుంది. లుండ్‌క్విస్ట్ రై పంటలో 1954లో, హేమన్ ఫలారిస్ గడ్డిలో 1956లో ఈ ఏర్పాటును వివరించారు. దీని ఫలితం, ఒక సేకరణ (ఒకచోట నుంచి తెచ్చి భద్రపరచిన విత్తనం) సంచిలో ప్రతి గింజా వేరే జన్యురూపమే. మార్కర్లతో చూసినప్పుడు ఇలాంటి జాతుల్లో మొత్తం వైవిధ్యంలో ఎక్కువ భాగం ఒక సముదాయం లోపలే కనిపిస్తుంది, సముదాయాల మధ్య ఉండేది తక్కువ. అలాంటప్పుడు ఒక్కో సేకరణకు ఒక సగటు వేసి, సగటుల మధ్య దూరం కొలిచి, జనకాలను నిర్ణయిస్తే, ఉన్న వైవిధ్యంలో చిన్న ముక్కను చూసి పెద్ద ముక్కను వదిలేసినట్టే. ఇక్కడ ఎంచుకోవలసింది సేకరణను కాదు, సేకరణలోని మొక్కను. ఇరవై సేకరణల నుంచి ఒక్కో మొక్క తీసుకోవడం కన్నా, మంచివని తేలిన నాలుగైదు సేకరణల్లో వందలాది మొక్కలను జల్లెడ పట్టడం ఎక్కువ ఫలం ఇవ్వవచ్చు.

అంజన్ గడ్డి, గినీ గడ్డి, బ్రాకియేరియా దగ్గర కథ తలకిందులవుతుంది. వీటిలో చాలా రకాలు ఫలదీకరణ లేకుండానే విత్తనం కడతాయి. తల్లి కణజాలం నుంచే పిండం పుడుతుంది. ప్రతి గింజా తల్లికి నకలు. సముదాయం లోపల వెతకడానికి ఏమీ ఉండదు, రకాల మధ్యే అంతా ఉంటుంది. దూరాల పట్టిక ఇక్కడ ఎక్కువ అర్థవంతమే, కానీ ఆ పట్టికలో అత్యంత దూరంగా ఉన్న రెండు రకాలూ ఈ తరహావే అయితే వాటిని కలపడం కుదరదు. వాటి పుప్పొడి పనిచేస్తుంది కాబట్టి తండ్రిగా వాడుకోవచ్చు. తల్లిగా లైంగిక ప్రత్యుత్పత్తి ఉన్న మొక్క ఒకటి దొరకాలి.

ఆ ఒక్క తల్లి కోసం జరిగిన వెతుకులాట ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైన అధ్యాయం. అమెరికాలోని టెక్సాస్‌లో బషా అనే శాస్త్రవేత్త అంజన్ గడ్డిలో లైంగిక ప్రత్యుత్పత్తి ఉన్న మొక్కను గుర్తించి 1962లో ప్రకటించాడు. అప్పటివరకు ఆ జాతిలో సంకరం ఊహించలేనిది. ఆ మొక్కతో చేసిన పని నుంచి హిగ్గిన్స్ అనే వంగడం వచ్చింది. గినీ గడ్డిలో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు తూర్పు ఆఫ్రికాలో సేకరించినవాటిలో లైంగిక ద్విస్థితిక (రెండు జతల క్రోమోజోముల సముదాయాలున్న) మొక్కలు దొరికాయి. బ్రాకియేరియాలో ఇంకా చిక్కు. రుజీజియెన్సిస్ అనే జాతి లైంగికమే కానీ ద్విస్థితికం. మిగతా రెండు ముఖ్య జాతులు, డెకుంబెన్స్, బ్రిజాంతా, ఎక్కువగా చతుస్థితికాలు (నాలుగు సముదాయాలున్నవి), నకళ్ళు పుట్టించేవి. క్రోమోజోముల లెక్క కుదరక సంకరం నిలిచేది కాదు. బెల్జియంలో కొల్చిసిన్ అనే రసాయనంతో రుజీజియెన్సిస్ క్రోమోజోములను రెట్టింపు చేసిన తరువాతే తలుపు తెరుచుకుంది. కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం ఆ మొక్కలను తల్లులుగా వాడి సంకరాలు చేసింది. 2001లో ములాటో, 2005లో ములాటో-2 వచ్చాయి.

ఆ సంకరాల్లో జనకాలను ఎలా ఎంచుకున్నారో చూడండి. డెకుంబెన్స్‌కు చెందిన బాసిలిస్క్ ఆమ్ల నేలల్లో, నిస్సారమైన భూముల్లో నిలుస్తుంది, కానీ ఉమ్మిపురుగుకు లొంగిపోతుంది. బ్రిజాంతాకు చెందిన మరాండు ఉమ్మిపురుగును తట్టుకుంటుంది, కానీ నీరు నిలిచిన నేలలో చనిపోతుంది. రుజీజియెన్సిస్ మేత నాణ్యత మంచిది, లైంగికత దానిదే. ఒక్కో జనకానికి ఒక్కో పని అప్పగించారు. ఎవరి లోపాన్ని ఎవరు పూడుస్తారన్నదే ప్రశ్న, ఎవరు ఎంత దూరం అన్నది కాదు. అయినా ఒక పాఠం నేర్చుకోవలసి వచ్చింది. ములాటో గడ్డిగా బాగుంది, విత్తనం మాత్రం సరిగ్గా కట్టలేదు. మేత గడ్డిలో మనం ఆకు కోసం ఏరుతాం, అమ్మేది విత్తనం. ఈ రెండూ తరచుగా ఎదురెదురుగా లాగుతాయి. జనకాల పట్టికలో విత్తన దిగుబడి అనే నిలువు వరుస లేకపోతే రైతు చేతికి చేరని వంగడం తయారవుతుంది.

నేపియర్ సంగతి మరొకటి. సజ్జలో 14 క్రోమోజోములు, నేపియర్‌లో 28. రెండింటినీ కలిపితే 21 క్రోమోజోముల సంకరం వస్తుంది, అది వంధ్యం. విత్తనం కట్టదు కాబట్టి కాండపు ముక్కలతో, వేరు పిలకలతో నాటుకుంటాం. సజ్జ నుంచి మెత్తదనం, నాణ్యత, నేపియర్ నుంచి బహువార్షిక స్వభావం, కోసినా కోసినా లేచే శక్తి. హైబ్రిడ్ నేపియర్ వంగడాలన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఇక్కడ జనకాల ఎంపిక ఒక్కసారే జరుగుతుంది, ఆ తరువాత సరిదిద్దే అవకాశం ప్రకృతికి కూడా లేదు. వేల ఎకరాల్లో నిలబడేది ఒకే ఒక్క మొక్క. తూర్పు ఆఫ్రికాలో నేపియర్ గిడసబారు తెగులు, కాటుక తెగులు వ్యాపించినప్పుడు ఆ ఏకరూపత ఎంత ప్రమాదమో తెలిసింది. కాటుక తెగులును తట్టుకునే కాకమెగా-1, కాకమెగా-2 క్లోన్లు (ఒకే మొక్క ముక్కల నుంచి పెరిగిన నకళ్ళు) సేకరణల్లో దొరకడం వల్లే కెన్యా రైతులకు ప్రత్యామ్నాయం దొరికింది. వైవిధ్యాన్ని సేకరణల్లో కాపాడాలనే వాదనకు ఇంతకంటే గట్టి ఆధారం నాకు అక్కర్లేదు.

సజ్జ ప్రస్తావన వచ్చింది కనుక టిఫ్ట్ 23ఎ గురించి చెప్పాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గ్లెన్ బర్టన్ రూపొందించిన ఈ పురుష వంధ్య (పనికొచ్చే పుప్పొడి ఇవ్వని) వరుస లేకపోతే భారతదేశంలో సజ్జ సంకరాలు అంత త్వరగా వచ్చేవి కావు. 1965లో విడుదలైన హెచ్‌బీ-1కు అదే తల్లి. హెచ్‌బీ-2 నుంచి హెచ్‌బీ-5 వరకు తండ్రులు మారారు, తల్లి మారలేదు. 1970-71లో వెర్రికంకి తెగులు విజృంభించినప్పుడు ఆ సంకరాలు ఒకదాని వెంట ఒకటి కూలాయి. లోపం వంధ్యత్వాన్నిచ్చే కణద్రవ్యంలో లేదని, ఆ వరుస కేంద్రక జన్యువుల్లోనే ఉందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఆ తల్లికీ తండ్రులకూ మధ్య దూరం తక్కువేమీ కాదు. ప్రతి జంటనూ విడిగా చూస్తే ఎంపిక సరైనదే. అన్ని జంటలనూ కలిపి చూసినప్పుడే సగం జన్యువులు అందరిలో ఒకటేనని కనిపిస్తుంది. దూరాల పట్టిక జంటలను చూస్తుంది. ఒక ప్రాంతంలో సాగయ్యే వంగడాలన్నీ కలిసి ఎన్ని తల్లుల మీద నిలబడ్డాయో చూడడం ఎవరి పనో ఇప్పటికీ స్పష్టంగా లేదు. అది విడుదల సంఘాల పని అని నా అభిప్రాయం.

జనక మొక్కలో మనకు కనిపించనిది కూడా ఉంటుంది. టాల్ ఫెస్క్యూలో కెంటకీ-31 వంగడం 1943లో విడుదలై లక్షల ఎకరాలకు పాకింది. ఎండకు, పురుగుకు, తొక్కిడికి తట్టుకునే గడ్డి. కానీ మేసిన పశువులు నలతగా ఉండేవి, బరువు పెరిగేవి కావు, కొన్నింటికి గిట్టలు దెబ్బతినేవి. 1970లలో కారణం తెలిసింది. మొక్క లోపల బయటికి కనిపించకుండా బతికే శిలీంధ్రం ఎర్గోవాలిన్ వంటి విషపదార్థాలను తయారుచేస్తోంది. శిలీంధ్రం లేని విత్తనం తయారుచేస్తే పశువు కోలుకుంది, గడ్డి బలహీనపడింది. ఆ తట్టుకునే శక్తిలో మంచి భాగం శిలీంధ్రానిదే. చివరికి పశువుకు హాని చేయని శిలీంధ్ర రకాలను వెతికి, మంచి గడ్డిలోకి ఎక్కించారు. ఈ శిలీంధ్రం పుప్పొడితో వెళ్ళదు, తల్లి విత్తనంతోనే వెళుతుంది. అంటే ఏది తల్లి, ఏది తండ్రి అన్నది మారితే పుట్టే వంగడం మారుతుంది. ఏ మార్కర్ దూరమూ ఈ మాట చెప్పదు.

పశువు గురించి ఇంకా గట్టిగా మాట్లాడాలి. మేత గడ్డికి దిగుబడి అంతిమ లక్ష్యం కాదు, పాలు, మాంసం లక్ష్యం. బర్టన్ ఇందుకు మంచి ఉదాహరణ ఇచ్చాడు. గరికలో ఆయన 1943లో విడుదల చేసిన కోస్టల్ వంగడం అప్పటికే గొప్ప విజయం. దాన్ని కెన్యా నుంచి వచ్చిన ఒక రకంతో కలిపి, సంతానంలో జీర్ణశక్తిని కొలిచి ఎంచుకున్నదే 1967లో వచ్చిన కోస్ట్‌క్రాస్-1. జీర్ణమయ్యే గుణం దాదాపు 12 శాతం మెరుగుపడింది, పశువుల బరువు పెరుగుదల దాదాపు 30 శాతం పెరిగింది. ఈ కొత్త వంగడం కోస్టల్‌లా చలిని తట్టుకోలేదు, కాబట్టి అన్ని చోట్లా పనికిరాలేదు. కానీ ఏం కొలిచి ఎంచుకున్నాడన్నది గమనించండి. పచ్చిమేత టన్నులు మాత్రమే కొలిచి ఉంటే ఆ మొక్క ఏరుకోబడేది కాదు. జీర్ణశక్తి, మాంసకృత్తులు, జొన్న జాతి గడ్డిలో హైడ్రోసయనిక్ ఆమ్లం, నేపియర్, సజ్జలలో ఆక్సలేట్లు, ఇవి కొలవని వైవిధ్య అధ్యయనం పశుగ్రాసం గురించినది కాదని నేను అంటాను. అది ఒక గడ్డి మొక్క గురించిన అధ్యయనం మాత్రమే.

మొక్కను ఎక్కడ నిలబెట్టి కొలిచామన్నది కూడా అంతే ముఖ్యం. జనకాల కోసం మొక్కలను విడివిడిగా, ఎడంగా నాటి చూస్తారు. విశాలంగా పరుచుకునే మొక్క అక్కడ మెరుస్తుంది. రైతు చేలో గడ్డి ఒత్తుగా ఉంటుంది, పక్క మొక్కతో వెలుతురు కోసం, నీటి కోసం పోటీ పడాలి. ఎడంగా నాటిన మొక్క దిగుబడికీ ఒత్తుగా ఉన్న చేలో దాని సంతానం దిగుబడికీ సంబంధం బలహీనమని రై గడ్డి వంటి వాటిలో పదే పదే తేలింది. పూత కాలం, తెగులు నిరోధం, నాణ్యత వంటివి ఎడంగా నాటినా నమ్మవచ్చు. దిగుబడిని మాత్రం ఒత్తు చేలోనే, సంతానంలోనే చూడాలి.

సంతానం చూసి తల్లిని అంచనా వేయడానికి గడ్డి ప్రజననంలో సొంత పద్ధతి ఉంది. ఎంచుకున్న క్లోన్లను ఒక మడిలో చాలాసార్లు కలగలిపి నాటి, అన్నీ అన్నిటితో పుప్పొడి మార్చుకోనిచ్చి, ఒక్కో తల్లి విత్తనం విడిగా సేకరించి, ఆ సంతానాన్ని పోల్చడం. 1942లో టిస్డల్, కీసెల్‌బాక్, వెస్టోవర్ దీనికి పాలీక్రాస్ అని పేరు పెట్టారు. అదే సంవత్సరం స్ప్రేగ్, టేటమ్ సాధారణ, ప్రత్యేక సంయోజన శక్తి అనే భావనలను మొక్కజొన్నలో వివరించారు. ఎవరితో కలిసినా మంచి సంతానం ఇచ్చే మొక్కను పాలీక్రాస్ చూపిస్తుంది. శ్రమతో కూడినది, సంవత్సరాలు పడుతుంది. కానీ ఇది జనకాన్ని దాని పనితోనే తూచుతుంది. దూరాన్ని ఇక్కడికి తీసుకొస్తే సరైన చోటు దొరుకుతుంది. పాలీక్రాస్‌లో నెగ్గిన వాటిలో దగ్గరి బంధువులను గుర్తించి, ఒక కుటుంబం నుంచి ఒక్కటి మాత్రమే ఉంచడానికి వాడాలి.

చివరి ప్రశ్న, సంయుక్త వంగడంలో, అంటే ఎంచుకున్న జనకాలను కలిపి పుప్పొడి మార్చుకోనిచ్చి తయారుచేసే వంగడంలో, ఎన్ని జనకాలు ఉండాలన్నది. స్యూవల్ రైట్ సూత్రం ప్రకారం మొదటి తరంలో వచ్చిన సంకర తేజంలో జనకాల సంఖ్యను బట్టి ఒక వాటా రెండో తరంలో పోతుంది. నాలుగు జనకాలుంటే నాలుగో వంతు, ఎనిమిది ఉంటే ఎనిమిదో వంతు. జనకాలు పెంచితే ఈ నష్టం తగ్గుతుంది, కానీ తొమ్మిదో పదో జనకం మొదటి నాలుగింత మంచిది కాదు కాబట్టి సగటు పడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఆగాలి. వంగడాల రక్షణ చట్టాలు కోరే ఏకరూపత, స్థిరత్వం ప్రజనన శాస్త్రవేత్తను తక్కువ జనకాల వైపు నెడతాయి. నాలుగు క్లోన్ల వంగడం ఒకేసారి పూస్తుంది, ఒకేలా కనిపిస్తుంది, పరీక్షలో సులభంగా నెగ్గుతుంది. అయిదేళ్ళు, పదేళ్ళు నిలవవలసిన పచ్చిక బయలుకు ఆ సంపద చాలదని నా నమ్మకం. ఎండ, ముంపు, కొత్త తెగులు ఒక్కో ఏడాది ఒక్కో మొక్కను తీసేస్తాయి, మిగిలినవి ఆ ఖాళీని ఆక్రమించాలి. పాలీక్రాస్‌లో దాదాపు సమానంగా నిలిచిన ఎనిమిది క్లోన్లు, వేర్వేరు మూలాలవి, పూత తేదీలు ఒకదానికొకటి వారం లోపు ఉన్నవి దొరికితే, నేను నాలుగింటి దగ్గర ఆగను.